కాళ్లకు వెయ్యని వేషం

ఆ రోజుల్లో పోలీసుకు మారువేషమంటే ఒక గళ్ల లుంగీ, ఒక పాత చొక్కా, భుజాన ఒక తువ్వాలు. అంతే. మీసం తీసేస్తే మనిషి పూర్తిగా మారిపోతాడని మా పైవాళ్లు నమ్మేవారు. లేని మీసాన్ని అలవాటు కొద్దీ తడుముకుంటూ మేమూ నమ్మేవాళ్లం. పోయిన నెల హిందూపురంలో మా అమ్మాయి పట్టుబట్టి నన్నూ వాళ్లమ్మనూ సినిమాకు తీసుకుపోయింది. మారువేషం వేసుకుని దొంగల ముఠాలో చేరిన ఒక తిక్క పోలీసు కథ. హాలంతా పగలబడి నవ్వుతూ ఉంటే నేనొక్కణ్ణే మొహం ముడుచుకుని కూర్చున్నాను. ఇంటర్వెల్‌లో మా ఆవిడ నచ్చలేదా అని అడిగింది. నచ్చకపోవడం కాదు. పాతికేళ్ల కిందటి నా బతుకును ఎవరో చాటుగా చూసి తెర మీద వేసినట్టనిపించి సిగ్గేసింది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో మా అమ్మాయి (డిగ్రీ రెండో ఏడు, చదివేది కామర్సు, ప్రావీణ్యం సినిమాల్లో) ఇలాంటి కథలన్నీ ఒకే అచ్చులో పోసినవేనని తేల్చేసింది. మొదట ఎందుకూ కొరగాని పోలీసు ఒకడుంటాడు. గతిలేక పై అధికారి వాడికే ఒక పని అప్పగిస్తాడు. వాడు వేషం వేసుకుని పోయి, ఎవరి మీద కన్నేసి ఉంచాలో వాళ్లతోనే కలిసిపోతాడు. ఇంటర్వెల్ దగ్గర వాడి గుట్టు బయటపడుతుంది. అందరూ ఛీ పొమ్మంటారు. ఆఖరున వాడే దొంగను పట్టుకుంటాడు, వాళ్లు క్షమిస్తారు, మెడలో దండ పడుతుంది. ఎన్ని తీసినా ఇంతే నాయనా, అంది. నేను ఊఁ కొట్టాను. నా కథా దాదాపు ఇంతే, కాకపోతే నాదాంట్లో రెండు మూడు రీళ్లు తారుమారయ్యాయి. ఆ తారుమారు వల్లే ఒక మంచి మనిషి పరువు నిలిచింది. అందుకే ఇన్నాళ్లకైనా రాసిపెడుతున్నాను.

కొరగాని పోలీసు పాత్రకు ఆ రోజుల్లో నన్ను మించినవాడు దొరికేవాడు కాదు. మా నాయన హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్లో మూటలు మోసేవాడు. కొడుకు ఒంటి మీద ఖాకీ చూస్తే చాలు, దేవుణ్ణి ఇంకేమీ అడగనని మొక్కుకున్నాడు. దేవుడు ఖాకీ ఇచ్చాడు, మిగతాది నా తెలివికి వదిలేశాడు. ట్రైనింగులో నెలల తరబడి నిక్కరూ బూట్లూ వేసుకుని ఎండలో పరుగెత్తి, బొగ్గులా మాడి ఉద్యోగంలో చేరాను. మొదటి నెలలోనే బందోబస్తుకు పోయి విజిల్ పోగొట్టుకున్నాను. ఒక పెళ్లి దగ్గర జేబుదొంగను పట్టుకున్నానని ఒకాయన్ని చొక్కా పట్టి లాక్కొస్తే, ఆయన పెళ్లికొడుకు మేనమామ అయ్యాడు (ఆయన చేతిలోని సంచీ ఆయనదే). ఒక్క సెల్యూట్ దగ్గర మాత్రం నేను గట్టివాణ్ణి. ఎవరి గొంతులోనైనా అధికారం వినిపిస్తే చాలు, మడమలు వాటంతటవే కలుసుకునేవి, చెయ్యి దానంతటది లేచేది. ఒకసారి పెనుకొండ బస్టాండులో, మైకులో బస్సుల పేర్లు చదివే ఆయనకు కూడా కొట్టాను. ఆయన మర్యాదస్తుడు, తిరిగి కొట్టాడు.

మా పై అధికారి పెనుకొండలో ఉండేవాడు. చాటుగా అందరం ఆయన్ని 'డైరెక్టర్ సారు' అనేవాళ్లం. మనిషి మంచివాడు, సినిమా పిచ్చే కొంచెం ఎక్కువ. ఏ కేసు చెప్పబోయినా ముందు ఫస్టాఫ్ చెప్పమనేవాడు. ఆ ఏడాది ధర్మవరంలో ఒక నేతవాళ్ల వీధిలో పట్టుచీరలు పోతున్నాయని ఫిర్యాదు వచ్చింది. పట్టపగలు, ఇంట్లో మనుషులుండగానే, తాళం కూడా పగలకుండా, నేసి మడతపెట్టిన చీర మాయమయ్యేది. మొదటి చీర ఒక నేతగాడి ఇంట్లో పోయింది. తరవాత నేను ఆయన్ని మామా అని పిలిచాను కాబట్టి ఇక్కడా మామ అనే రాస్తాను. నేతగాడి ఇంట్లో చీర ఉంటుందిగానీ అది నేతగాడిది కాదు. పట్టూ జరీ సావుకారివి, నేసిన చెయ్యి మాత్రమే తనది. చీర పోయిందని మామ చెబితే సావుకారి నమ్మలేదు. నువ్వే అమ్ముకున్నావని నలుగురిలో అన్నాడు. ఆఖరుగా ఒక్క పడుగు (మగ్గానికి ఎక్కించే నిలువు పోగులు) ఇస్తాను, దీంట్లోనూ తేడా వస్తే ఈ ఊళ్లో నీ మగ్గానికి ఎవరూ పట్టు ఇవ్వకుండా చేస్తానన్నాడు. ఆ మాట పడిన నెలలోనే అదే వీధిలో ఇంకో రెండు చీరలు పోయాయి. ఇంకేముంది, వీటికీ మామే కారణమని డైరెక్టర్ సారు తేల్చేశాడు. ఆ ఇంట్లోకి మనవాడొకడు పోయి, మామ చీరలు ఎవరికి చేరుస్తున్నాడో కనిపెట్టాలి. ధర్మవరంలో ఎవరికీ మొహం తెలియనివాడు కావాలి, చూస్తే పోలీసనిపించనివాడు కావాలి. మొదటి దానికి నలుగురం ఉన్నాం. రెండో దానికి అందరూ నన్నే చూపించారు.

వేషం ఆయనే దగ్గరుండి వేయించాడు. మీసం పోయింది. కత్తిరించిన పోలీసు జుట్టు దాచలేక, తిరుపతిలో మొక్కు తీర్చుకున్నానని చెప్పమని నున్నగా గుండు కొట్టించాడు. నిటారుగా నడుస్తున్నానని పొద్దంతా వంగి నడిపించాడు. చొక్కాకు రెండు చోట్ల తానే చిరుగు పెట్టాడు. తరవాత కథ చెప్పాడు. నాది అమరాపురం. వానలు లేక చెనిక్కాయ (వేరుశనగ) పంట ఎండిపోయింది. ఉన్న ఒక్క అన్న చనిపోయాడు. వదిననూ పిల్లలనూ సాకాలి, అందుకని మగ్గం పని నేర్చుకోవడానికి వచ్చాను. చెబుతూ చెబుతూ ఆయన కళ్లే చెమ్మగిల్లాయి. అన్న ఎలా చనిపోయాడు సార్ అని అడిగితే, 'అదంతా నీ నటనకు వదిలేస్తాండా' అన్నాడు. ఆఖరున నన్ను నిలబెట్టి గుండు నుంచి మోకాళ్ల దాకా పరీక్షగా చూసి, తృప్తిగా తల ఊపాడు. మోకాళ్ల దగ్గర ఆయన చూపు ఆగిపోయింది. కిందికి దిగలేదు.

డైరెక్టర్ సారుకు తెలిసిన టీ కొట్టాయన ఒకడు నన్ను ఆ ఇంటికి తీసుకుపోయాడు. తిండి పెడితే చాలు, పని నేర్చుకుంటాడని చెప్పాడు. మామ వద్దన్నాడు, మేమే మాటలు పడుతున్నాం, ఇంకొకణ్ణి ఎక్కడ పెట్టుకునేదన్నాడు. వాకిట్లో రాట్నం ముందు కూర్చుని పట్టుపోగును చిన్న గొట్టాలకెత్తి కండెలు చుడుతున్న వాళ్ల అమ్మ మాత్రం, పిల్లోణ్ణి ముందు కూర్చోనీరా అంది. ఆమెను వీధంతా కండెల అవ్వ అనేవాళ్లు. డెబ్బై దాటిన మనిషి, ఎముకల గూడు, కళ్లు మాత్రం సూది గుచ్చినట్టుండేవి. మగ్గం చూపించారు. నేసేవాడు నేల మీద కూర్చుని, కాళ్లు గుంతలోకి దించి, అడుగునున్న చెక్కలు తొక్కుతూ నేయాలి. నేను లుంగీ మోకాళ్ల పైకి మడిచి కాళ్లు దించాను. రాట్నం ఆగిన చప్పుడు వినిపించింది. అవ్వ నా కాళ్లు చూసింది, మొహం చూసింది, మళ్లీ కాళ్లు చూసింది. తరవాత అన్నం తిన్నావా అని అడిగింది. లేదన్నాను. 'తిని కూర్చోప్పా. చానా దూరం నుంచి వచ్చినట్లుండావు' అంది. నా నటనకు పడిపోయిందనుకున్నాను. సాయంత్రానికల్లా వీధిలో నాకు 'తెల్లకాళ్లాయప్ప' అని పేరు పడింది. గుంతలో కూర్చునేవాళ్ల కాళ్లకు ఎండ తగలదు కదా, నన్నూ నేతగాళ్లలో కలుపుకున్నారనుకుని లోలోపల పొంగిపోయాను.

వేషం కుదిరిందేగానీ ఒళ్లు మాట వినేది కాదు. తెల్లవారుజామున అయిదింటికి ఎవరో విజిల్ ఊదినట్టు లేచి నిలబడేవాణ్ణి. దుప్పటి నాలుగు మూలలూ కలిపి, ఇటుకలా మడిచి పెట్టేవాణ్ణి. సంగటి ముద్ద ముందు పెడితే నాలుగు నిమిషాల్లో పళ్లెం ఖాళీ చేసి లేచేవాణ్ణి (అత్త, అంటే మామ భార్య, తన వంట బాగాలేదేమోనని మొదట్లో బాధపడింది). మామ పిలిస్తే 'సార్' అని పలికేవాణ్ణి. పాపం, మామకు తప్పు పట్టడం చేతకాదు, సార్ అనొద్దప్పా అని ఆయనే సిగ్గుపడేవాడు. ఇక నేత సంగతి చెప్పనే వద్దు. పోగును అటూ ఇటూ మోసే నాడె ఇటు నుంచి విసిరితే అటు పోకుండా గడప దాటి వాకిట్లో పడేది. చెక్క తొక్కితే పోగులు పుటుక్కున తెగేవి. తెగినప్పుడల్లా అవ్వ రాట్నం వదిలేసి, మోకాళ్లు పట్టుకుంటూ లేచి వచ్చి, నా పక్కన కూర్చుని వెంట్రుక కంటే సన్నని పోగును వెతికి ముడి వేసేది. ఒక్కనాడూ విసుక్కోలేదు. 'తెంపేది ఎవురికైనా వస్తాది, ముడేసేది నేర్చుకో' అని నా లావు వేళ్లను పట్టుకుని నేర్పింది. నెల రోజుల్లో నేను నేర్చుకున్న విద్య ఆ ముడి ఒక్కటే.

అన్న చావు మాత్రం నన్ను పీడించింది. అవ్వ మొదటి రోజు ఎలా పోయాడని అడిగితే, బావిలో పడ్డాడని చెప్పాను. నాలుగు రోజుల తరవాత పళ్లెం ముందు కూర్చుని ఉండగా మళ్లీ అడిగింది. నోట్లో ముద్ద, తలలో ఏమీ లేదు, పాము కరిచిందన్నాను. అవ్వ, 'పాపం, రెండు తూర్లు పోయినాడు' అంది. ముద్ద గబుక్కున మింగి, బావిలో పాముందవ్వా, అన్నాను. అవునా అని జాలిగా తల ఊపి ఇంకో గరిటె పప్పు వేసింది. ఆ రోజు నుంచి తోచినప్పుడల్లా ఆ పాము రంగేమిటి, బావి లోతెంత, వదినది ఏ ఊరు అని అడిగేది. నేను చెమటలు కక్కుతూ కథ అల్లేవాణ్ణి. మగ్గం మీద నేయలేనిదంతా ఆమె ముందు కూర్చుని నేశాను.

శుక్రవారం శుక్రవారం హిందూపురంలో మా అమ్మను చూసి వస్తానని చెప్పి, ప్యాసింజరు బండెక్కి పెనుకొండలో దిగి డైరెక్టర్ సారుకు రిపోర్టు ఇచ్చేవాణ్ణి. (అమరాపురంవాడికి హిందూపురంలో అమ్మ ఎలా ఉందని అవ్వ అడగలేదు. ఆమె ఎందుకు అడగలేదో నేనూ ఆలోచించలేదు.) మొదటి శుక్రవారం బయలుదేరుతుంటే అవ్వ జొన్నరొట్టెలూ చెనిక్కాయల పొడీ రెండు మూటలుగా కట్టి ఇచ్చింది. ఒకటి నాకు, ఒకటి నేను చూడబోయేవాళ్లకు. ఆ రెండో మూట డైరెక్టర్ సారు తిన్నాడు. తింటూ అడిగాడు, అనుమానితుడు ఏం చేస్తున్నాడని. తెల్లవారింది మొదలు దీపాలు పెట్టేదాకా నేస్తున్నాడని చెప్పాను. ఎవరెవరు వస్తున్నారంటే ఎవరూ రావడం లేదన్నాను. అది నిజం. మాట పడిన దగ్గర నుంచి మామ వీధిలోకి పోవడం మానేశాడు. అంగడికి పోవాలంటే వెనక సందు గుండా, తల వంచుకుని పోయి వచ్చేవాడు. డైరెక్టర్ సారు వేళ్లు నాకి, ఇంకో వారం నిఘా అవసరమన్నాడు. వచ్చేటప్పుడు ఆ పొడి ఇంకొంచెం తెమ్మన్నాడు.

మూడో వారానికి నాకు అన్నం సహించడం మానేసింది. ఒక మధ్యాహ్నం మామ నేస్తూ నేస్తూ ఆగి, మగ్గం మీద అరచెయ్యి పెట్టి, నా వైపు చూడకుండా అన్నాడు. 'ముప్పై ఏండ్లు నేసినా. ఎన్ని పెండ్లిండ్లలో నా చీర కట్టుకున్నారో లెక్కే లేదు. ఇప్పుడు వీధిలో పోతే నా మొగం చూడరు, నా చేతిలో సంచి చూస్తారు.' ఆయన సంచీ రోజూ తడిమి చూస్తున్నవాణ్ణి నేనే. నా కాళ్ల వైపు చూసుకున్నాను. ఆ శుక్రవారం పెనుకొండలో, ఆయన దొంగ కాదు సార్, అని గట్టిగానే చెప్పాను. డైరెక్టర్ సారు నా అమాయకత్వానికి జాలిపడ్డాడు. మంచివాడిలా కనిపించేవాడే ఆఖర్న విలన్ అవుతాడని, నాకు సినిమా తెలియదని అన్నాడు. వచ్చే శుక్రవారం ఆయన్ని పెనుకొండకు తీసుకురమ్మని ఆర్డరేశాడు. ఒక్కసారి పోలీసులు పిలిచారంటే, ఆయన ఏమీ చెయ్యలేదని తరవాత తేలినా ఆ వీధిలో మామకు బతుకుండదు. సావుకారి ఇచ్చిన ఆఖరు పడుగు కూడా పోతుంది. ఆ వారమంతా నేను నేసిన ప్రతి అంగుళమూ వంకరే.

గురువారం వచ్చింది. సావుకారి కబురు పంపితే మామ వెనక సందు గుండా పోయాడు. అత్త నీళ్లకు పోయింది. అవ్వ వాకిట్లో రాట్నం తిప్పుతోంది, నేను గుంతలో కూర్చుని రేపటి సంగతి ఎలా చెప్పాలా అని నలుగుతున్నాను. అప్పుడు గడపలోకి ఒకాయన వచ్చాడు. సఫారీ చొక్కా, మెరిసే నల్లబూట్లు, చంకలో ఫైలు, చేతిలో సంచీ, ఇంత మీసం. గొంతు చూస్తే ఖంగుమంటోంది. 'నేను మఫ్టీ పోలీసు. ఈ వీధిలో చీరలు పోతాండాయి కదా, ఆ కేసు నాదే. నేసిన చీరలుంటే బయటికి తీండి, గుర్తులు రాసుకోవల్ల' అన్నాడు. నా సంగతి తెలుసు కదా. మడమలు కలిశాయి, గుంతలో నిటారుగా నిలబడి, గుండు అదిరేలా సెల్యూట్ కొట్టాను. డైరెక్టర్ సారు నాకు చెప్పకుండా ఇంకొకాయన్ని పంపాడు కాబోలు, నా మీద నమ్మకం పోయింది కాబోలు అనుకున్నాను. ఆయన ఒక్క క్షణం తెల్లబోయి, ఊఁ సరే సరే అన్నాడు. వేషం గుట్టు నేనే రట్టు చేసుకున్నానని అప్పటికి తట్టి, చెయ్యి దించాలో ఉంచాలో తెలియక అలాగే నిలబడిపోయాను.

అవ్వ నన్ను చూడనట్టే ఉంది. రాట్నం ఆపి, నెమ్మదిగా ఆయనతో అంది. 'మగ్గముండే ఇంట్లోకి బూట్లు రావు నాయనా. ఇప్పేసి, తొట్టికాడ కాళ్లు కడుక్కోని రా.' ఆయన గొణిగాడు. సర్కారు పనికి అలాంటివి లేవన్నాడు. అయితే చీరలూ లేవు, అంది అవ్వ. చేసేది లేక బూట్లు విప్పి కాళ్లు కడుక్కుని లోపలికి అడుగుపెట్టాడు. అవ్వ వంగి ఆ కాళ్లను, పోగులో ముడి వెతికినట్టు వెతికింది. కాళ్లు మొత్తం ఒకే నలుపు. పాదం మీద మాత్రం రబ్బరు చెప్పుల పట్టీ అచ్చు తెల్లగా పడి ఉంది. రెండు మడమల మీదా కొత్తబూట్లు ఆ పొద్దున్నే కొరికిన ఎర్రటి బొబ్బలు.

'నువ్వు పోలీసు కాదు' అంది అవ్వ. 'పోలీసు కాళ్లు ఎట్లుంటాయో నేను నెల దినాలుగా చూస్తాండా.' తరవాత నా వైపు తిరిగింది. 'ఏమప్పా, సెల్యూటు చాలుగానీ, పట్టుకో. నువ్వొచ్చిన పని అదే కదా.'

నాకు ఆ మాట అర్థమయ్యేలోపల వాడికి అర్థమైంది. బూట్లు వదిలేసి వీధిలోకి ఉరికాడు. నేను గుంతలోంచి ఎగిరి దూకబోయి, తొక్కుడు చెక్కల తాళ్లలో కాలు చిక్కుకుని అవ్వ కండెల గంపలో పడ్డాను. లేచి, మెడలో పట్టుపోగులతో పరుగెత్తాను. బయట వీధి పొడవునా ఎవరిదో పడుగు చాపి ఉంది, మోకాలి ఎత్తున, గుంజల మీద. అన్నం పెట్టే పడుగును నేతవాళ్ల వీధిలో ఎవరూ కాళ్లతో దాటరు. ఎంత తొందరున్నా చివరిదాకా పోయి చుట్టు తిరిగి రావాల్సిందే. వాడు ఒక్క గెంతు వేసి దాటేశాడు. నేను దాని ముందుకు వచ్చి టక్కున ఆగిపోయాను. దొంగ పది అడుగుల్లో పారిపోతున్నాడు, వెంటబడిన పోలీసు పడుగు దాటకూడదని చుట్టు తిరిగి పోతున్నాడు. (ట్రైనింగులో ఇది చెప్పలేదు.) కానీ పడుగు దాటాడని చూసిన వీధి ఊరుకుంటుందా. ఇంటికొకరు చొప్పున బయటికి వచ్చారు. వాడు తప్పించుకోవడానికి వెనక సందులోకి మళ్లాడు. ఆ సందులోనే, రోజూలాగే తల వంచుకుని, మామ ఇంటికి వస్తున్నాడు. వాడు పోయి ఆయన గుండెకు గుద్దుకున్నాడు. మామ ఎందుకో ఏమిటో తెలియకుండానే, ముప్పై ఏళ్లు నేసిన చేతులతో వాణ్ణి పట్టుకుని వదల్లేదు. నేను రొప్పుతూ అందరికంటే ఆఖరున చేరి, నిన్ను అరెస్టు చేస్తున్నాను అన్నాను. మామ అయోమయంగా నన్నూ వాణ్ణీ మార్చి మార్చి చూశాడు.

పోయిన చీరలన్నీ వాడి గదిలో దొరికాయి. మామ ఇంట్లో పోయిన ఆ మొదటి చీర మడత కూడా విప్పకుండా ఉంది. మొదటిసారి వాడు, అవ్వ ఇంట్లో లేని పూట, రేషన్ కార్డులు చూసేవాడిలా వచ్చాడట; అత్త కార్డు తేవడానికి లోపలికి పోయినంతసేపట్లో అలమరలోని చీర సంచీలో పెట్టుకున్నాడు. మరి ఈసారి పోలీసు వేషమెందుకు వేశావని అడిగితే, ఆ వీధిలో మఫ్టీ పోలీసు తిరుగుతున్నాడని ధర్మవరమంతా చెప్పుకుంటున్నారు, అలా అయితే ఎవరూ అడ్డం చెప్పరని వేశాను, అన్నాడు. అంటే వాడికి ఆ ఆలోచన ఇచ్చింది నేనే. సాయంత్రం సావుకారి తానే నడిచి వచ్చాడు, వెనక సందులోంచి కాదు, వీధి మధ్యలోంచి. చేతిలో కొత్త పడుగు. అందరూ చూస్తుండగా దాన్ని మామ చేతుల్లో పెట్టి, తప్పుగా మాట్లాడినానని అన్నాడు. మామ పడుగును కళ్లకద్దుకుని లోపలికి పోయి చాలాసేపు బయటికి రాలేదు. లోపల నుంచి ఏడుపు వినిపించింది. వాకిట్లో నేనూ ఏడ్చాను, దాచుకోలేదు.

ఆ తరవాత అవ్వ పక్కన కూర్చుని, నేను పోలీసునని ఎప్పుడు తెలిసిందని అడిగాను.

'నువ్వు గుంతలో కాళ్లు పెట్టిన దినమే. మోకాలి కింద దాకా బొగ్గు, అక్కడి నుంచి సున్నం పూసినట్ల తెల్లగా. నిక్కరూ బూట్లూ ఏసుకోని ఎండలో నిలబడే పని ఇంకెవురికుండాది? వీధిలో అందరికీ తెలుసు. మా వానికీ నీకే తెలీదు.'

'తెలిసీ ఎందుకు పెట్టుకున్నావవ్వా?'

ఆమె రాట్నం తిప్పుతూనే చెప్పింది. 'మా వాడు దొంగ కాదని మేము చెప్తే ఎవురు నమ్ముతారప్పా. పోలీసోడే మా ఇంట్లో తిని, మా ఇంట్లో పండుకోని, కండ్లారా చూస్తే, రేపు వాడే చెప్తాడు అనుకున్నా. చెప్పినావు కదా?'

పోయిన శుక్రవారం గట్టిగా చెప్పానన్నాను. బతుకులో నేను చెప్పిన మాటల్లో దానంత విలువైంది ఇంకొకటి లేదని అప్పుడే తెలిసింది. ఒకవేళ చెప్పకపోయి ఉంటే ఆమె మొహం ఎలా చూసేవాణ్ణో ఇప్పటికీ తలుచుకోలేను. నేను ఆ ఇంటి మీద కన్నేశాననుకున్నాను. ఆమె నన్ను సాక్షిగా కూర్చోబెట్టుకుంది. పెట్టిన ప్రతి ముద్దా తెలిసే పెట్టింది. కండె మార్చుకుంటూ, మీ అన్న బాగుండాడు కదా అని అడిగింది. నాకు అన్నే లేడవ్వా అన్నాను. 'పోనీలే, సావకుండా ఉండాడు' అంది.

డైరెక్టర్ సారు పైకి పంపిన రిపోర్టులో నా అపూర్వమైన మారువేషం గురించి ఒక పేజీ రాశాడు. సెల్యూట్ సంగతి లేదు, కండెల గంప సంగతి అసలే లేదు. నాకు ఒక సర్టిఫికెట్టు వచ్చింది. మా నాయన దాన్ని మార్కెట్లో మూటలు మోసే వాళ్లందరికీ చూపించాడు. డైరెక్టర్ సారు రిటైరయ్యేదాకా ధర్మవరం నుంచి చెనిక్కాయల పొడి తెప్పించుకుంటూనే ఉన్నాడు. నేను పండగకో పబ్బానికో ఆ ఇంటికి పోతూనే ఉన్నాను. పోయినప్పుడల్లా అవ్వ ముందు నా కాళ్లు చూసేది, తరవాతే మొహం. ఇంకా ఉద్యోగంలో ఉండాడని రాట్నంతో చెప్పినట్టు చెప్పి కండె చుట్టుకునేది. ఆమె పోయి పదేళ్లు దాటింది.

సినిమా చూసి వచ్చిన వారానికి మనసాగక ధర్మవరం పోయాను. వీధిలో ఇప్పుడు కరెంటు మగ్గాల మోత. మామ మాత్రం పాత మగ్గం అలాగే ఉంచుకున్నాడు. జుట్టు నెరిసింది, చెయ్యి వణకడం లేదు. ఒకసారి కూర్చుంటాను మామా, అన్నాను. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి కాళ్లు గుంతలోకి దించాను. షుగర్ వచ్చిందని డాక్టరు బూట్లు మాన్పించి రెండేళ్లయింది; ఇప్పుడు నాది కాగితాల పని, చెప్పులతోనే తిరుగుతున్నాను. మామ వంగి నా కాళ్లను చాలాసేపు, అచ్చం వాళ్లమ్మలాగే చూశాడు. బొగ్గూ లేదు, సున్నమూ లేదు. ఎక్కడా గీత లేకుండా ఒకే చామనఛాయ.

'ఇప్పుడు కుదిరిందప్పా నీ ఏసం' అన్నాడు. 'మా అమ్మ ఉన్నా కనిపెట్టేది కాదు.'

ఇద్దరం నవ్వాం. ఆ నవ్వులోనే చెక్క తొక్కాను, పోగు పుటుక్కున తెగింది. అలవాటు కొద్దీ వాకిట్లోని రాట్నం వైపు చూశాను. మోకాళ్లు పట్టుకుంటూ లేచి వచ్చేవాళ్లు ఎవరూ లేరు. తెగిన కొసలు వెతికి, నా లావు వేళ్లతో నేనే ముడి వేశాను.